పెదపారుపూడి మీద పాతిక ఫ్రేములు

గన్నవరంలో తూర్పు ముఖంగా లేచి, వెయ్యి అడుగుల ఎత్తు అందుకున్నాక కుడివైపు మళ్ళి, ఆగ్నేయ మూలకి ముక్కు పెట్టి వదిలేస్తే సెస్నా 152లో మా పెదపారుపూడికి పది నిమిషాలు పట్టదు. కింద వరిచేలు, కాలవలు, మధ్యమధ్య చేపల చెరువులు. ఈ ప్రయాణం నేను మా మేడ మీద గదిలో కూచుని, 2014 నాటి సిస్టమ్ మీద చేస్తాను. తెర మూలన ఒక అంకె ఉంటుంది. దారి పొడుగునా అది 25 దగ్గర నిలబడి ఉంటుంది. అంటే సెకనుకి 25 బొమ్మలు. కొత్త మెషీన్లు ఉన్నవాళ్ళకి అది చిన్న అంకె. నాకు మాత్రం 1999 నుంచి పడుతూ వచ్చిన పాటుకి దక్కిన ఫలం.

వెనక్కి తిరిగి చూస్తే నాకు ముఖ్యంగా ఒక సంగతి కనిపిస్తుంది. ఇంటి కంప్యూటర్ మీద విమానం నడపడం మొదలైన రోజు నుంచి ఇప్పటివరకూ, ఆ ప్రోగ్రాముకి సరిపడా బలమున్న మెషీను మామూలు ఇంట్లో దాదాపు ఎప్పుడూ లేదు. ప్రోగ్రాము నాలుగడుగులు ముందుండేది, మనం వెనకాల పరిగెత్తేవాళ్ళం. కాబట్టి దీని చరిత్ర అంతా, రాసినవాళ్ళ వైపు నుంచి చూసినా నడిపినవాళ్ళ వైపు నుంచి చూసినా, ఏది చూపించాలి, ఏది చూపించడం మానుకోవాలి అనే లెక్కల చరిత్ర. ఆ లెక్క తెలిసినవాడి పాత సిస్టమ్, తెలియనివాడి కొత్త సిస్టమ్ కన్నా హాయిగా ఎగురుతుంది. మా డెల్టా లాంటి పల్లపు నేల మీద మరీను.

మొదట్లో అసలు బయటి దృశ్యమే లేదు. 1929లో అమెరికాలో బింగ్‌హామ్టన్ ఊళ్ళో ఎడ్విన్ లింక్ అనే యువకుడు విమాన శిక్షణ కోసం ఒక యంత్రం తయారుచేశాడు. వాళ్ళ నాన్నది పియానోలు, ఆర్గన్లు చేసే ఫ్యాక్టరీ. ఆర్గన్లకి గాలి అందించే తిత్తులు, మన హార్మోనియం తిత్తుల్లాంటివే, తీసుకెళ్ళి ఒక బుల్లి విమానం కింద అమర్చాడు. తిత్తులు ఉబ్బితే ఒకపక్కకి లేచేది, తగ్గితే ఒరిగేది. లోపల కూచున్నవాడి నెత్తిన మూత వేసేస్తే కళ్ళముందు ముళ్ళు తిరిగే గడియారాలు తప్ప ఏమీ కనపడవు. 1934లో అమెరికా సైన్యం టపా మోసే బాధ్యత తీసుకుని, చెడ్డ వాతావరణంలో పైలట్లు వరసగా ప్రాణాలు పోగొట్టుకున్నాక గాని ఆ యంత్రం విలువ దొరలకి తెలిసిరాలేదు. రెండో ప్రపంచయుద్ధంలో వేలమంది పైలట్లు అందులో కూచునే, ఏమీ చూడకుండా ఎగరడం నేర్చుకున్నారు. మా గన్నవరం విమానాశ్రయం పుట్టుక కూడా ఆ యుద్ధకాలంలోనే, సైనిక స్థావరంగా.

తర్వాత పెద్ద విమానాల సిమ్యులేటర్లలో బయటి దృశ్యం వచ్చింది. అదెలా అంటే, ఒక పెద్ద గది నిండా ఊళ్ళు, రోడ్లు, రన్‌వే బొమ్మలు చేసి గోడకి బిగించి, దాని మీదుగా కెమెరాని కదిలించేవారు. కంప్యూటర్ బొమ్మలు వచ్చిన 1970లలో అవి రాత్రి దృశ్యాన్ని మాత్రమే చూపేవి: నల్లటి నేల మీద రన్‌వే దీపాలు, దూరంగా ఊరి దీపాలు. పగటి వెలుగులో నేలనంతా గీసే శక్తి ఆనాటి మెషీన్లకి లేదు. దిగడానికి కావలసినవి దీపాలే కాబట్టి దీపాలే గీశారు. లక్షల డాలర్ల యంత్రాలు కూడా మానుకోవలసినవి మానుకునే బతికాయన్నమాట. మనవైపు అలాంటి సిమ్యులేటర్లు హైదరాబాదులో ఇండియన్ ఎయిర్‌లైన్స్ వారి సెంట్రల్ ట్రైనింగ్ ఎస్టాబ్లిష్‌మెంట్‌లో ఉండేవి. పైలట్ ఉద్యోగం ఉన్నవాళ్ళకే ఆ తలుపులు తెరుచుకునేవి.

మిగతావాళ్ళందరికీ తలుపు తెరిచినవాడు బ్రూస్ ఆర్ట్‌విక్. 1975లో ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో అతను చేసిన థీసిస్ విమానం నుంచి కనపడే దృశ్యాన్ని కంప్యూటర్ చేత గీయించడం మీదే. 1980 నాటికి సబ్‌లాజిక్ అనే తన కంపెనీ నుంచి యాపిల్ 2 కంప్యూటర్ కోసం ఫ్లైట్ సిమ్యులేటర్ బయటికొచ్చింది. దానికి కావలసిన మెమరీ 16 కిలోబైట్లు. మీరు చదువుతున్న ఈ వ్యాసాన్ని తెలుగు అక్షరాల్లో దాచుకోవడానికే అంతకన్నా ఎక్కువ చోటు కావాలి. ఆ కాస్త చోటులో ఒక విమానం, దానికి వర్తించే లెక్కలు, గీతల్లో గీసిన నేల అన్నీ ఇమిడ్చాడు. సెకనుకి రెండు మూడు బొమ్మల కన్నా ఎక్కువ వచ్చేవి కావు. అయినా జనం కొన్నారు, ఎగిరారు.

1982లో మైక్రోసాఫ్ట్ దాన్ని ఐబీఎం పీసీకి తెచ్చింది. షికాగోలో సరస్సు ఒడ్డున ఉన్న మీగ్స్ ఫీల్డ్ అనే బుల్లి విమానాశ్రయంలో మొదలయ్యేది ప్రయాణం. నాలుగు రంగులు. అప్పట్లో ఐబీఎం పీసీని పోలిన మెషీన్లు బజారులోకి వస్తుంటే, అది నిజంగా ఐబీఎంకి సరిసమానమేనా అని తేల్చడానికి పత్రికలవాళ్ళు రెండు ప్రోగ్రాములు నడిపి చూసేవారు. ఒకటి లోటస్ 1-2-3. రెండోది ఈ ఫ్లైట్ సిమ్యులేటర్. ఆర్ట్‌విక్ వేగం కోసం హార్డ్‌వేర్‌తో నేరుగా మాట్లాడే కోడ్ రాసుకున్నాడు. నకలులో ఏ చిన్న తేడా ఉన్నా ఇది ఆగిపోయేది. మన దేశంలో 1984 కంప్యూటర్ విధానం తర్వాత, ముఖ్యంగా 1991 తర్వాత ఊరూరా మొలిచిన అసెంబుల్డ్ సిస్టమ్‌లన్నీ ఆ నకళ్ళ సంతానమే. వాటి గుణం తేల్చే పరీక్షగా ఒక విమానం ఉండేదని చాలా ఏళ్ళ తర్వాత తెలిసినప్పుడు నాకు ఎంత సంతోషం కలిగిందో చెప్పలేను.

తర్వాతి పదిహేనేళ్ళ వెర్షన్ల సంగతి గబగబా చెప్పేసి ముందుకెళ్తాను. 1993లో అయిదో వెర్షన్‌లో నేల మీద నిజమైన ఫొటోల లాంటి బొమ్మలు పరిచారు. 1997లో వచ్చిన ఫ్లైట్ సిమ్యులేటర్ 98, అంటే ఎఫ్‌ఎస్ 98లో విమానాశ్రయాలు మూడు వేలు దాటాయి. గ్రాఫిక్స్ కార్డు సాయం తీసుకోవడం కూడా అప్పుడే అలవాటైంది.

నేను ఇందులోకి దిగింది 1999లో. మా ఊళ్ళో పుట్టిన రామోజీరావు గారు పెట్టిన ఈనాడు, దాని జిల్లా ఎడిషన్‌లో విజయవాడ కంప్యూటర్ షాపుల ప్రకటనలు వస్తుంటే కత్తిరించి దాచుకునేవాణ్ణి. ఆఖరికి డాళ్వా ధాన్యం అమ్మిన డబ్బుతో ఒకటి కట్టించాను: 366 మెగాహెర్ట్జ్ సెలెరాన్, 32 ఎంబీ ర్యామ్, 4.3 జీబీ హార్డ్ డిస్కు, బోర్డు మీదే గ్రాఫిక్స్. మానిటర్‌ని పసిపిల్లని పట్టుకున్నట్టు ఒళ్ళో పెట్టుకుని కారులో తెచ్చాం. ఎఫ్‌ఎస్ 98కి ఆ సిస్టమ్ చాలు. గన్నవరం కోసం వెతికాను, నాకు దొరకలేదు. డెల్టా ఉండాల్సిన చోట పచ్చటి చదును, దాని అంచున నీలిరంగు సముద్రం. నాగాయలంక లేదు, హంసలదీవి లేదు. ఆ ఏడాదే వచ్చిన ఎఫ్‌ఎస్ 2000 వేసేసరికి మెషీను మోకాళ్ళ మీద కూలబడింది. సెకనుకి నాలుగైదు బొమ్మలు.

నాలుగైదు బొమ్మలతో ఏమవుతుందో ఒక్కసారి లెక్క వేసి చూపిస్తాను, ఎందుకంటే ఈ కథంతా ఈ లెక్క మీదే నడుస్తుంది. చిన్న విమానం దిగేటప్పుడు 60 నాట్ల వేగంతో వస్తుంది. అంటే సెకనుకి 31 మీటర్లు. సెకనుకి అయిదు బొమ్మలు వస్తే ఒక బొమ్మకీ మరో బొమ్మకీ మధ్య విమానం ఆరు మీటర్లు ముందుకి పోయి ఉంటుంది. నేల మీద తేలిగ్గా ఆనడానికి ముక్కు పైకెత్తే ఘడియ మొత్తం రెండు మూడు సెకన్లే. ఆ వ్యవధిలో మనకి దొరికేవి పది పదిహేను బొమ్మలు. మనం ఒకటి చూసి, చెయ్యి కదిపి, దాని ఫలితం తెలుసుకునేలోపే చక్రాలు తగిలేస్తాయి. పాతిక బొమ్మలొస్తే ఒక్కో బొమ్మకి మీటరుంబావు చొప్పున కదులుతుంది, చెయ్యీ కన్నూ కలిసి పనిచేస్తాయి. పైన ఆకాశంలో పన్నెండైనా సరిపెట్టుకోవచ్చు. దిగేచోట మాత్రం కుదరదు. చిత్రం ఏమిటంటే, ఆ దిగేచోటే భవనాలూ ఆగి ఉన్న విమానాలూ దీపాలూ అన్నీ పోగుపడి మెషీను మీద బరువు ఎక్కువ.

ఇంకో సంగతి, అంకె పెద్దదవడం కన్నా నిలకడగా ఉండడం ముఖ్యం. 40కి ఎక్కి 12కి పడి మళ్ళీ 35కి లేచే సిస్టమ్ కన్నా ఎప్పుడూ 20 దగ్గరే ఉండేది చేతికి బాగా లొంగుతుంది. మాటల సినిమా దాదాపు ఎప్పుడూ 24 బొమ్మల మీదే నడిచింది, ఎవరికీ లోటు తెలియలేదు. అందుకే సెట్టింగుల్లో అంకెకి పైహద్దు కట్టెయ్యడం నేను మొదట చేసే పని. ఇది ఎవరికి చెప్పినా మొదట నమ్మరు. ఉన్న శక్తిని వదులుకోవడమేమిటని అడుగుతారు. కట్టేశాక మిగిలిన శక్తిని మెషీను ముందున్న నేలని సిద్ధం చేసుకోవడానికి వాడుకుంటుంది.

ఆ సెలెరాన్ మీద ఎన్నో పాట్లు పడ్డాను. రంగుల లోతు 32 బిట్ నుంచి 16 బిట్‌కి దించడం, తెరని 640కి 480 చెయ్యడం, సిస్టమ్ ఆన్ కాగానే వాటంతటవే లేచే ప్రోగ్రాములన్నీ పీకెయ్యడం, రాత్రంతా హార్డ్ డిస్కుని డీఫ్రాగ్‌కి పెట్టి పడుకోవడం. నల్లమోతు శ్రీధర్ సంపాదకుడిగా వచ్చిన కంప్యూటర్ ఎరా మాసపత్రిక తెలుగులో ఇలాంటి కిటుకులు విడమరిచి చెబుతుంటే, ఇంగ్లీషు మాన్యువల్ ముందేసుకుని తికమకపడిన నాలాంటి వాళ్ళకి పెద్ద ఆసరా అయింది. ర్యామ్ 32 నుంచి 128కి పెంచిన రోజు తేడా కళ్ళకి కొట్టొచ్చినట్టు కనపడింది. ఇప్పటికీ ఎవరైనా పాత సిస్టమ్ గురించి అడిగితే ముందు ర్యామ్ సంగతే అడుగుతాను. మెమరీ చాలక డిస్కు మీద పడి దేవులాడే మెషీనుకి మిగతా ఏ వైద్యమూ పనిచెయ్యదు.

2003 మాకు కలిసొచ్చిన ఏడాది. రైట్ సోదరులు ఎగిరి నూరేళ్ళయిన సందర్భంగా మైక్రోసాఫ్ట్ ఎఫ్‌ఎస్ 2004 తెచ్చింది. అదే ఏడాది ఎయిర్ డెక్కన్ హైదరాబాదు నుంచి విజయవాడకి విమానం వేసింది. మామూలు జనం గన్నవరంలో విమానం ఎక్కడం అప్పుడే మొదలైంది. ఎఫ్‌ఎస్ 2004లో విమానాశ్రయాలు 24 వేలు. వెతుకులాట పెట్టెలో వీఓబీజెడ్ అనే విమానాశ్రయ సంకేతం కొడితే గన్నవరం వచ్చింది! ఒక నల్లటి రన్‌వే, చుట్టూ ఎక్కడివో పొలాల బొమ్మలు, అంతే. ఆ రాత్రి నేను ఎక్కడికీ ఎగరలేదు. రన్‌వే మీద విమానాన్ని అటు చివరి నుంచి ఇటు చివరికి నడిపించుకుంటూ తిరిగాను.

అప్పటికి నా మెషీను 2.4 గిగాహెర్ట్జ్ పెంటియం 4, 512 ఎంబీ ర్యామ్, జీఫోర్స్ 4 ఎంఎక్స్ 440 కార్డు. ఎఫ్‌ఎస్ 2004కి ఆ జోడీ అమరినట్టు నాకు మరే మెషీనూ మరే వెర్షన్‌కీ అమరలేదు. ఇప్పటికీ బలహీనమైన లాప్‌టాప్ ఉన్న కుర్రాడు ఎవడైనా అడిగితే ఎఫ్‌ఎస్ 2004 దగ్గర మొదలుపెట్టమనే చెప్పాలనిపిస్తుంది. కానీ దానికో చిక్కుంది. నాలుగు సీడీల్లో నాలుగోది డ్రైవులో ఉంటేనే అది తెరుచుకునేది, ఆ కాపలా పద్ధతిని విండోస్ 10 ఒప్పుకోదు. డబ్బిచ్చి కొన్న డిస్కులు బీరువాలో ఉన్నాయి, పాత ఎక్స్‌పీ మెషీను ఉంటే తప్ప వాటితో పనిలేదు.

ఇక 2006 అక్టోబరులో వచ్చిన ఎఫ్‌ఎస్‌ఎక్స్ దగ్గర కాస్త నిలబడాలి. ఇంతమంది చేత ఇంత పాట్లు పడించిన వెర్షన్ మరొకటి లేదు. నాకైతే ఇంత నేర్పినదీ మరొకటి లేదు.

దాని కష్టాలకి మూలం వేరేచోట ఉంది. 2000లో పెంటియం 4 వచ్చినప్పుడు ఆ డిజైను కొన్నేళ్ళలో 10 గిగాహెర్ట్జ్ దాకా పోతుందని ఇంటెల్ లెక్క వేసింది. వేగం ఏటేటా పెరుగుతుందన్న నమ్మకంతోనే ప్రోగ్రాములు రాసేవాళ్ళు పని అంతా ఒకే వరసలో పెట్టారు. పెంటియం 4 మాత్రం 3.8 దగ్గర వేడికి ఆగిపోయింది. 2004లో 4 గిగాహెర్ట్జ్ చిప్‌ని రద్దు చేసుకుని ఇంటెల్ దారి మార్చింది. ఒక్క ఎద్దుని బలంగా పెంచడం మానేసి రెండు, నాలుగు ఎడ్లని కట్టడం మొదలుపెట్టింది. ఎఫ్‌ఎస్‌ఎక్స్ ఒంటెద్దు బండిగానే బయటికొచ్చింది. కోర్ 2 డ్యుయో కొన్నవాళ్ళకి రెండో కోర్ ఊరికే కూచుని ఉండేది. 2007లో వచ్చిన సర్వీస్ ప్యాక్‌తో నేల బొమ్మలు సిద్ధం చేసే పనిని మిగతా కోర్లకి పంచారు గాని, అసలు బరువు మొదటిదాని మీదే ఉండిపోయింది.

ఈ మాట అర్థమైతే ఎఫ్‌ఎస్‌ఎక్స్ వైద్యం సగం అర్థమైనట్టే. గ్రాఫిక్స్ కార్డు మారిస్తే బాగుపడుతుందని ఎంతోమంది డబ్బు తగలేశారు. బరువంతా ప్రాసెసర్ మీద ఉంటే కార్డు ఏం చేస్తుంది? ప్రాసెసర్‌ని తినేవి ఏమిటో పట్టుకోవాలి. రోడ్ల మీద తిరిగే కార్లు, ఆకాశంలో తిరిగే ఇతర విమానాలు, పడవలు. వీటిని సున్నా చేస్తే అంకె ఒక్క దెబ్బన లేస్తుంది. నీళ్ళ మీద ప్రతిబింబాలు రెండు మెట్లు దించాలి. తర్వాత ఆటోజెన్, అంటే దానంతటదే మొలిపించే చెట్లూ ఇళ్ళూ. ఒక్కో గడిలో 4,500 చెట్ల దాకా నాటేది. ఎఫ్‌ఎస్‌ఎక్స్ డాట్ సీఎఫ్‌జీ అనే ఫైలుని నోట్‌ప్యాడ్‌లో తెరిచి ఆ సంఖ్యని నేను 600 చేశాను. అదే ఫైల్లో హైమెమ్‌ఫిక్స్ అని ఒక వరస రాసి ఎదురుగా 1 పెడితే, గంటసేపు ఎగిరాక విమానం నల్లబడిపోయి బొమ్మలు మాయమయ్యే జబ్బు పోయేది. ముట్టుకునే ముందు ఆ ఫైలుకి నకలు తీసి పెట్టుకోవడం మాత్రం మరువకూడదు.

సెట్టింగులతో పోని జబ్బు కూడా ఒకటి చూశాను. 2009లో కోర్ 2 డ్యుయో, 2 జీబీ ర్యామ్‌తో కొత్త సిస్టమ్ కట్టించుకున్నాను. మరుసటి ఏడాది డిసెంబరు, ఊళ్ళో కోతలు సాగుతున్నాయి. గన్నవరంలో లేచేటప్పుడు 22 ఉండే అంకె అరగంట గడిచేసరికి 12కి దిగేది. ఆపేసి, గంటాగి మళ్ళీ పెడితే మళ్ళీ 22. వైరస్ అన్నారు ఒకరు. ఫార్మాట్ కొట్టమన్నారు ఇంకొకరు. రెండుసార్లు కొట్టాను. తేడా లేదు. సంక్రాంతి వెళ్ళాక ఒక పొద్దున కేబినెట్ విప్పి వాకిట్లో ఎండలో పెట్టి చూశాను. ప్రాసెసర్ మీద ఫ్యాను తీస్తే, దాని కింద అల్యూమినియం రేకుల మధ్య సందులన్నీ కంబళి పరిచినట్టు మూసుకుపోయి ఉన్నాయి. దుమ్ము ఒక్కటే కాదు, వరి నూగు. కోతల కాలమంతా కిటికీలోంచి వచ్చిన నూగుని ఫ్యాను లోపలికి పీల్చి పొరలు పొరలుగా పేర్చింది. కింద పేస్టు ఎండి సుద్దలా రాలిపోతోంది.

పెయింటు బ్రష్షుతో దులిపి, సైకిల్ పంపుతో గాలి కొట్టి, ఎండిన పేస్టుని స్పిరిట్ గుడ్డతో తుడిచి, కొత్తది పెసరగింజంత పెట్టి మళ్ళీ బిగించాను. వేడి 92 డిగ్రీల నుంచి 64కి దిగింది. 22 అలాగే నిలబడింది, గంటసేపు, రెండు గంటల సేపు. అప్పుడు తెలిసింది, వేడెక్కిన ప్రాసెసర్ చెప్పకుండా తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. ఆగిపోతే మనకి తెలిసేది, నెమ్మదిస్తే తెలియదు. అప్పటి నుంచీ మా ఇంట్లో ఏడాదికి రెండుసార్లు, సార్వా కోతలయ్యాక ఒకసారి, డాళ్వా నూర్పుళ్ళయ్యాక ఒకసారి, కేబినెట్ విప్పడం నియమం అయింది. డెల్టా పల్లెల్లో పాత సిస్టమ్ స్లో అయిందని ఎవరన్నా నేను ముందు స్క్రూడ్రైవర్ అడుగుతాను.

కరెంటుది ఇంకో బాధ. మా చుట్టుపక్కల వరిచేలు చేపల చెరువులుగా మారుతూ వచ్చాయి. రాత్రిళ్ళు చెరువుల్లో ఏరేటర్లు ఆడితే లైను మీద ఓల్టేజీ పడిపోయేది. పాత గాజు మానిటర్ రోజుల్లో బొమ్మ నాలుగు పక్కలా కుంచించుకుపోయేది, స్టెబిలైజర్ టక్ టక్ మంటూ కొట్టుకునేది. యూపీఎస్ లేకుండా ఎగిరినప్పుడు ఎన్నిసార్లు మధ్యలో ఆగిందో లెక్కలేదు, రెండు హార్డ్ డిస్కులు పోగొట్టుకున్నాను. అమెరికా నుంచి తిరిగొచ్చిన బంధువులు ఒకసారి డెస్క్‌టాప్ ఒకటి తెచ్చిచ్చారు. వెనక ఎస్‌ఎమ్‌పీఎస్ మీద ఎర్రటి చిన్న మీట 115 దగ్గర ఉంది, మనకి 230 ఉండాలి. చూసుకోకుండా ప్లగ్ పెట్టాను. పెద్ద చప్పుడు, గదంతా కాలిన వాసన. అదృష్టం బాగుండి ఎస్‌ఎమ్‌పీఎస్ ఒక్కటే పోయింది. అమెరికా పిల్లలు పంపే పాత సిస్టమ్‌లు మా డెల్టా ఇళ్ళలో చాలా ఉన్నాయి. ఆ మీట ఒక్కటి ముందు చూసుకోండి.

ఎఫ్‌ఎస్‌ఎక్స్ తీసిన ఏసెస్ స్టూడియోని మైక్రోసాఫ్ట్ 2009 జనవరిలో మూసేసింది. 2014లో డవ్‌టెయిల్ కంపెనీ ఎఫ్‌ఎస్‌ఎక్స్‌ని స్టీమ్ మీదకి తెచ్చి కొంత బాగుచేసింది. ఆ మధ్యకాలంలో కొంతమంది ఆస్టిన్ మేయర్ రాసిన ఎక్స్‌ప్లేన్‌కి మళ్ళారు. దానిలో ఒక వింత ఉంది. బొమ్మలు సెకనుకి ఇరవైకి తగ్గితే అది కాలాన్నే సాగదీస్తుంది. అంటే విమానం నెమ్మదిగా కదులుతుంది, చేతికి లొంగుతుంది గాని గడియారం వెనకబడుతుంది. ఇంకొందరు ఉచితంగా దొరికే ఫ్లైట్‌గేర్‌కి వెళ్ళారు. అందులో నేల ఎత్తుపల్లాలు 2000 ఫిబ్రవరిలో ఎండెవర్ వ్యోమనౌక పదకొండు రోజుల యాత్రలో రాడార్‌తో కొలిచిన లెక్కల్లోంచి వచ్చినవి. పాత సిస్టమ్ ఉండి, డబ్బు పెట్టలేనివాడికి ఫ్లైట్‌గేర్ మంచి తోడు.

2020 ఆగస్టు 18న కొత్త ఫ్లైట్ సిమ్యులేటర్ వచ్చేసరికి ఆట తీరే మారింది. ఫ్రాన్సులో బోర్డో ఊళ్ళో ఉన్న అసోబో స్టూడియో చేసింది. బింగ్ మ్యాపుల ఉపగ్రహ చిత్రాలు, రెండు పెటాబైట్లకి పైగా, మైక్రోసాఫ్ట్ సర్వర్లలో ఉంటాయి. మనం ఎగురుతుంటే మన కింది ముక్క అప్పటికప్పుడు ఇంటర్నెట్ మీద దిగుతుంది. బ్లాక్‌షార్క్ అనే ఆస్ట్రియా కంపెనీ ఆ చిత్రాల్లో ఇళ్ళని కృత్రిమ మేధతో గుర్తుపట్టి 150 కోట్ల ఇళ్ళు నిలబెట్టింది. అంటే మొదటిసారి మా ఊరు, నిజమైన మా ఊరు, సిమ్యులేటర్లోకి వచ్చింది. ఇరవై ఏళ్ళుగా పచ్చటి చదును మీద ఎగిరిన నాకు అదెంతటి మాటో.

దానికి కనీసం కావలసినవి ఐ5-4460 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, జీటీఎక్స్ 770 కార్డు, 150 జీబీ చోటు. మా అన్నయ్య కొడుకు హైదరాబాదులో చదువుకునే రోజుల్లో కట్టించుకున్న సిస్టమ్ మా ఇంట్లోనే ఉంది. వాడు 2016లో డాలస్ వెళ్తూ వదిలేసి వెళ్ళాడు. మూత తీసి చూస్తే సరిగ్గా ఐ5-4460. కార్డు మాత్రం 750 టీఐ, చాలదు. ఫోన్‌లో చెప్పాను.

"బాబాయ్, ఇక్కడ 970 కార్డు సెకండ్ హ్యాండ్‌లో దొరుకుద్ది, వచ్చేటప్పుడు సూట్‌కేసులో పడేసుకొస్తా. నువ్వు ఎస్‌ఎస్‌డీ ఒకటి తీసుకో, ర్యామ్ ఇంకో 8 వెయ్యి" అన్నాడు.

"ఒకే 8 ఇంకోటి వేస్తే సరిపోద్దంటావా?"

"రెండూ జతగా పడాలి బాబాయ్. రెండు స్లాట్లు కలిసి పనిచేస్తే వేగం వస్తది."

నెట్ సంగతి అప్పటికే తీరింది. 56కే మోడెమ్ కూతల కాలం నుంచి 2005లో బీఎస్‌ఎన్‌ఎల్ బ్రాడ్‌బ్యాండ్, తర్వాత 2017 డిసెంబరులో నెలకి 149 రూపాయలతో మొదలైన ఏపీ ఫైబర్‌నెట్ దాకా మా ఊరి తీగలు ఎదిగాయి. అయినా సాయంత్రాలు నెట్ నత్తనడక నడిస్తే నేల మైనపు ముద్దలా కనపడేది. దానికి మందు ఆ ప్రోగ్రాములోనే దొరికింది. మాన్యువల్ క్యాష్ అని ఉంటుంది. పటం మీద మనకి కావలసిన మేర గుర్తుపెడితే ఆ నేలంతా ముందే ఎస్‌ఎస్‌డీలోకి దింపుకోవచ్చు. ప్రకాశం బ్యారేజీ నుంచి గుడివాడ, బందరు, దివిసీమ మీదుగా సముద్రం దాకా ఒక రాత్రంతా దింపుకున్నాను.

ఇక సెట్టింగులు. నేను అందరూ చెప్పే పట్టికలని పక్కనపెట్టి మా నేలని చూసి లెక్క వేసుకున్నాను. కొండలున్న చోట ఎత్తుపల్లాలని సూక్ష్మంగా గీయకపోతే ప్రమాదం. మా డెల్టాలో గుట్ట అన్నది లేదు. విజయవాడ, ఇబ్రహీంపట్నం, కొండపల్లి వైపు పోతే తప్ప ముక్కు ముందు ఏదీ అడ్డురాదు. కాబట్టి నేల వివరాన్ని చూపే స్లయిడరు 100 నుంచి 60కి దించాను, ఏమీ పోలేదు. ఎత్తైన మేడలున్న ఊళ్ళు లేవు, ఇళ్ళు తక్కువకి పెట్టాను. గడ్డి, కార్లు, రన్‌వే మీద మనుషులు సున్నా. మబ్బులు మధ్యరకం. నేల ఫొటో స్పష్టత మాత్రం పూర్తిగా ఉంచాను, ఎందుకంటే మా డెల్టా అందమంతా నేల మీద గీసినట్టు ఉండే మడుల్లోనూ కాలవల్లోనూ ఉంది. అది కార్డు మెమరీని తింటుంది గాని ప్రాసెసర్‌ని పెద్దగా ముట్టుకోదు. తెర మీద గీసే చుక్కల లెక్క 80 శాతానికి దించాను. సెస్నా 172లో రెండు పెద్ద కంప్యూటర్ తెరలు ఉంటాయి, వాటిని గీయడమే ప్రాసెసర్‌కి పెద్ద పని. ముళ్ళ గడియారాలున్న 152 ఎక్కితే నాలుగైదు ఫ్రేములు అప్పనంగా వస్తాయి. ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్లో హద్దు 25. 2021 జులైలో వచ్చిన అప్‌డేట్ ప్రోగ్రామునే బాగా తేలిక చేసింది, ఆ పుణ్యమూ కలిసొచ్చింది.

2024 నవంబరులో తర్వాతి వెర్షన్ వచ్చింది. అది దాదాపు అంతా ఇంటర్నెట్ మీద నుంచే నడుస్తుంది కాబట్టి డిస్కులో చోటు 50 జీబీ చాలంటారు. ప్రాసెసర్ విషయంలో మాత్రం నా 4460ని గడప దాటనివ్వలేదు. విండోస్ 11 కూడా దాన్ని ఒప్పుకోదు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ అండ 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. అందుకని ఆ సిస్టమ్‌లో బ్యాంకు పని, మెయిళ్ళు ఏమీ పెట్టుకోలేదు. అది ఎగరడానికే ఉంది.

ఆదివారం పొద్దున్నే, డాలస్‌లో శనివారం రాత్రి, అన్నయ్య కొడుకు వాడి కొత్త మెషీను మీద నాతో పాటు గన్నవరంలో లేస్తాడు. 2020 వెర్షన్లో ఇద్దరం ఒకే ఆకాశంలో ఎగరొచ్చు. వాడి తెర మీద చెట్లున్నాయి, ఇళ్ళున్నాయి, రోడ్ల మీద బళ్ళున్నాయి. మొన్న ఊరి మీదకి వచ్చాక ఫోన్ స్పీకర్లో అడిగాడు.

"బాబాయ్, మనిల్లు ఏదీ? అన్నీ ఏటవాలు పెంకుటిళ్ళే కనపడుతున్నాయి, డాబాలే లేవు."

ఆ ఇళ్ళు మెషీను ఊహించి నిలబెట్టినవి. నా సిస్టమ్‌లో ఆబ్జెక్ట్‌ల స్లయిడరు అట్టడుగున ఉంది. బాగా కిందకి దిగితే గాని ఇళ్ళు లేచి నిలబడవు, అంతవరకూ ఉపగ్రహం తీసిన ఫొటో నేల మీద పరిచినట్టే ఉంటుంది. పదిహేను వందల అడుగుల నుంచి చూస్తే చెరువు, చెరువుకి పడమట రోడ్డు, రోడ్డు మలుపులో తెల్లటి చదరం, దాని పక్కన వేపచెట్టు నీడ.

"నాకు కనపడుతోందిరా. వేగం డెబ్భైకి తగ్గించుకుని నా రెక్క పట్టుకుని రా, చూపిస్తాను" అన్నాను.

ఎడమవైపు ఒరిగి చెరువు చుట్టూ తిరగడం మొదలుపెట్టాను. అంకె 25 దగ్గరే ఉంది.